ఢిల్లీ 1994, పాఠం మధ్యలో కూలిన బోయింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

విమాన ప్రమాదాల మాట వస్తే మనవాళ్లకు మంగళూరు, కోళికోడ్, చర్ఖీ దాద్రీ వెంటనే గుర్తొస్తాయి. 1994 మార్చి 8న ఢిల్లీ ఎయిర్‌పోర్టులో కూలిన సహారా బోయింగ్ మాత్రం చాలామందికి గుర్తుండదు. అందులో టికెట్ కొన్నవాళ్లు ఒక్కరూ లేరు. అది పైలట్లకు పాఠం చెప్పే ఫ్లైట్. గుర్తున్న కొద్దిమందికీ అందులో సందేహాలు ఎక్కువ. తరచుగా వచ్చే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. పైలట్ కావాలనుకునే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, విమానాల మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఎవరు చదివినా అర్థమయ్యేలా రాయడానికి ప్రయత్నించాను.

ఆ రోజు అసలు ఏం జరిగింది?

సహారా ఇండియా ఎయిర్‌లైన్స్‌కు చెందిన బోయింగ్ 737-200, రిజిస్ట్రేషన్ వీటీ-ఎస్ఐఏ, ఢిల్లీ ఇందిరా గాంధీ విమానాశ్రయంలో ట్రైనింగ్ రౌండ్లు కొడుతోంది. లోపల ఒక ఇన్‌స్ట్రక్టర్ కెప్టెన్, ముగ్గురు ట్రైనీ పైలట్లు ఉన్నారు. రన్‌వే మీద దిగడం, ఆగకుండా మళ్లీ లేవడం, ఊరి మీదుగా ఒక చుట్టు తిరిగి రావడం. ఐదు రౌండ్లు ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయాయి.

ఆరోసారి ఒక ఇంజిన్ పోయినట్టు నటించే పాఠం (ఇంజిన్ ఫెయిల్యూర్ ప్రాక్టీస్) నడుస్తోంది. 28వ నంబరు రన్‌వేని తాకి లేచిన వెంటనే విమానం ఎడమవైపుకు తిరిగిపోయింది. 28 అంటే ముక్కు దాదాపు పడమర వైపు ఉన్నట్టు. అక్కడినుంచి ఎడమ అంటే దక్షిణం. ఆ వైపే అంతర్జాతీయ విమానాలు నిలిపే ఏప్రాన్ ఉంది. బోయింగ్ దానిమీద పడింది. శకలాలు దూసుకెళ్లి 45వ బేలో నిలిపి ఉన్న, రష్యా కంపెనీ ఏరోఫ్లాట్‌కు చెందిన ఐఎల్-86 విమానాన్ని కొట్టాయి. రెండు విమానాలూ పనికిరాకుండా పోయాయి.

ఎంతమంది చనిపోయారు?

మొత్తం తొమ్మిది మంది. బోయింగ్‌లో ఉన్న నలుగురూ, రష్యా విమానంలో ఉన్న నలుగురూ, నేల మీద ఉన్న ఒకరు. అంటే ఆ శిక్షణతో ఏ సంబంధమూ లేనివాళ్లే సగం కంటే ఎక్కువ.

ఐఎల్-86 చిన్న విమానం కాదు. నాలుగు ఇంజిన్లు, లోపల రెండు నడవలు. సోవియట్ యూనియన్ తయారుచేసిన మొదటి వైడ్‌బాడీ ప్యాసింజర్ విమానం అదే. 350 మంది దాకా పడతారు. అందులో జనం ఎక్కి కూర్చున్నాక ఇది జరిగి ఉంటే ఈ ప్రమాదం పేరు ఇంతగా మరుగున పడేది కాదు.

ట్రైనింగ్ అంటే చిన్న చిన్న విమానాల్లో కదా? ఇంత పెద్ద విమానంతో ఎందుకు?

రెండూ ఉంటాయి. వేర్వేరు దశలు. మొదట నేర్చుకునేది సెస్నా లాంటి చిన్న విమానాల్లోనే. ఎయిర్‌ఫోర్స్ అయితే దుండిగల్ అకాడమీలో పిలాటస్ మీద. 2023 డిసెంబరు 4న మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర కూలినది అలాంటి పిలాటస్సే, ఇన్‌స్ట్రక్టర్, క్యాడెట్ ఇద్దరూ చనిపోయారు. మన పేపర్లలో ‘శిక్షణ విమానం’ అని కనబడితే ఎక్కువగా ఈ రకమే.

కానీ లైసెన్స్ వచ్చినంత మాత్రాన బోయింగ్ నడపనివ్వరు. ఒక్కో రకం విమానానికి విడిగా అర్హత సంపాదించాలి, దాన్నే టైప్ రేటింగ్ అంటారు. ఆటో నడిపేవాడికి లారీ ఇచ్చేయం కదా, అలాగే. సహారా విమానంలో ఉన్న ట్రైనీలు నేర్చుకుంటున్నది ఇదే. వాళ్లు ఓనమాలు దిద్దుతున్నవాళ్లు కాదు, లైసెన్స్ ఉన్న పైలట్లు, బోయింగ్‌కు కొత్త అంతే. పేపర్లు ‘ట్రైనీ’ అని రాసేసరికి చదివేవాళ్లకు వేరే బొమ్మ కనిపిస్తుంది.

టచ్ అండ్ గో అంటే ఏమిటి?

చక్రాలు రన్‌వేని తాకగానే ఆగకుండా, ఇంజిన్లకు మళ్లీ పవర్ ఇచ్చి లేచిపోవడం. దిగిన ప్రతిసారీ ఆగి, వెనక్కి తిప్పుకుని, వరుసలో నిలబడి లేవాలంటే గంటకు రెండు మూడు ల్యాండింగులు కూడా కావు. ఇలా అయితే పాఠం త్వరగా సాగుతుంది, బ్రేకులూ అరగవు.

ఇంజిన్ ఫెయిల్యూర్ ప్రాక్టీస్ కోసం నిజంగా ఇంజిన్ ఆపేస్తారా?

ఆపరు. ఇన్‌స్ట్రక్టర్ ఒక ఇంజిన్ థ్రస్ట్ లీవర్‌ను, అంటే పవర్ పెంచి తగ్గించే పిడిని, వెనక్కి లాగేస్తాడు. ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది కానీ తోయదు. కావాలంటే లీవర్ ముందుకు నెట్టి పవర్ తెచ్చుకోవచ్చు. కాగితం మీద ఇది చాలా భద్రంగా కనిపిస్తుంది. చిక్కేమిటంటే జెట్ ఇంజిన్ స్విచ్ వేసిన బల్బు కాదు. అందులోనూ ఆ కాలం ఇంజిన్లు ఐడిల్ (ఊరికే తిరిగే స్థితి) నుంచి పూర్తి పవర్‌కు రావడానికి కొన్ని సెకన్లు తీసుకునేవి. నేలకు దగ్గరగా, ఒక పక్కకు ఒరిగిపోతున్న విమానంలో ఆ కొన్ని సెకన్లు ఉండవు.

ఒక ఇంజిన్ పోయినా విమానం ఎగరగలదు అంటారు కదా. మరి ఎందుకు పడింది?

ఎగరగలదు. 737 ఒక్క ఇంజిన్‌తోనే టేకాఫ్ పూర్తి చేసి పైకి వెళ్లగలదు, అలాగే డిజైన్ చేస్తారు. కానీ ఆ మాట వెనక ఒక షరతు ఉంది. పైలట్ కాలు సరైన పెడల్ మీద పడాలి.

ఎడ్లబండి తోలినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కాడికి కట్టిన రెండెడ్లలో ఎడమ ఎద్దు ఆగిపోయి కుడి ఎద్దు లాగుతూనే ఉంటే బండి ఎడమకు తిరుగుతుంది. విమానమూ అంతే. రెక్కల కింద చెరో ఇంజిన్, ఒక్కొక్కటి సుమారు ఏడు టన్నుల బలంతో తోస్తుంది. ఎడమది ఆగితే ముక్కు ఎడమకు లాగేస్తుంది. దాన్ని నిలబెట్టడానికి తోకలో నిలువుగా ఒక పలక ఉంది, అదే రడ్డర్. పడవకు చుక్కాని ఎలాగో దీనికి అది. కాళ్ల దగ్గరున్న పెడల్స్‌తో తిప్పుతారు. ఎడమ ఇంజిన్ పోతే కుడి పెడల్ నొక్కాలి, అప్పుడు ముక్కు మళ్లీ దారిలోకి వస్తుంది.

ఇప్పుడు అదే సమయంలో ఎడమ పెడల్ నొక్కారనుకోండి. ఇంజిన్ ఎటు లాగుతోందో రడ్డర్ కూడా అటే నెడుతుంది. రెండు బలాలూ కలిసిపోతాయి. పైగా జెట్ రెక్కలు వెనక్కి వంగి ఉంటాయి కాబట్టి ముక్కు పక్కకు జరగగానే రెండు రెక్కలకూ గాలి ఒకేలా తగలదు. ముందుకొచ్చిన రెక్క లేస్తుంది, వెనకబడిన రెక్క కుంగుతుంది. ముక్కు తిరగడంతో మొదలైనది నిమిషం కూడా అక్కర్లేకుండా, సెకన్లలోనే, విమానం పక్కకు పొర్లడంగా మారుతుంది. వేల అడుగుల ఎత్తులో ఉంటే సరిదిద్దుకోవచ్చు. రన్‌వే మీదినుంచి అప్పుడే లేచిన విమానానికి కింద ఏమీ మిగలదు.

ఇంకొక సంగతి చాలామందికి తట్టదు. ప్రయాణికులు లేని ఖాళీ విమానం తేలిక కదా, నడపడం ఇంకా సులువనుకుంటారు. కానీ తేలికైన విమానం తక్కువ వేగంలోనే లేస్తుంది. వేగం తగ్గేకొద్దీ రడ్డర్‌కు తగిలే గాలి తగ్గి దాని బలం కూడా పడిపోతుంది. ఇంజిన్ తోపు మాత్రం తగ్గదు. అందువల్ల శిక్షణ విమానంలో ఈ పాఠం నిండు విమానంలో కంటే ఒకోసారి కష్టమే.

లైసెన్స్ ఉన్న పైలట్ తప్పు పెడల్ ఎలా నొక్కుతాడు? కుడి ఎడమ తెలియదా?

ఈ ప్రశ్న వెటకారంగా అడిగేవాళ్లే ఎక్కువ. ఒకసారి ఆ సీట్లో కూర్చున్నట్టు ఊహించుకోండి. విమానం గంటకు 230, 250 కిలోమీటర్ల వేగంలో ఉంది. ముక్కు ఇప్పుడే పైకెత్తారు, ఎదుట ఆకాశం తప్ప నేల గీత కనబడదు. ఏదో ఒక వైపు లాగుతున్నట్టు వెన్నుకు తెలుస్తోంది. ఏదో ఒకటి చేయాలన్న తొందర కాళ్లలోకి ముందు దిగుతుంది, ఎటు అన్న ఆలోచన ఆ తర్వాత వస్తుంది.

అందుకే పైలట్లకు ఒక మాట బట్టీ పట్టిస్తారు: ‘డెడ్ ఫుట్, డెడ్ ఇంజిన్’. విమానాన్ని నిటారుగా పట్టుకున్నాక ఏ కాలికి పని లేకుండా పోయిందో ఆ వైపు ఇంజినే పోయిందని అర్థం. మంచి ఇన్‌స్ట్రక్టర్లు ఇంకో మాట కూడా చెబుతారు. గేజీలు చూసి ఏ ఇంజిన్ పోయిందో లెక్కేసి కాలు వేయకు, ముక్కు ఎటు పోతోందో చూసి దాన్ని ఆపు, పేరు తర్వాత పెట్టుకోవచ్చు అని. పదిసార్లు సరిగ్గా చేసినవాడికి కూడా పదకొండోసారి కాలు తప్పడం వింత కాదు. నేర్చుకోవడం అంటేనే అది.

దర్యాప్తు ఏం తేల్చింది?

రెండు మాటలు. ఇంజిన్ ఫెయిల్యూర్ ఎక్సర్‌సైజ్ జరుగుతుండగా ట్రైనీ పైలట్ తప్పు రడ్డర్ ఇచ్చాడు. ఇన్‌స్ట్రక్టర్ రడ్డర్‌ను గార్డ్ చేయలేదు, ఆ తప్పు జరగకుండా స్పష్టమైన ఆదేశాలూ ఇవ్వలేదు.

‘గార్డ్ చేయడం’ అంటే?

డ్రైవింగ్ స్కూల్ కారు చూశారు కదా. పక్కన కూర్చున్న సార్ కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. కుర్రాడు బస్సు మీదికి పోనిస్తుంటే సార్ మాట్లాడడు, తొక్కేస్తాడు. 737లో రెండు సీట్ల దగ్గరా పెడల్స్ ఉంటాయి, రెండూ లోపల కలిసి ఉంటాయి. ఒకరు నొక్కితే రెండో వారి పెడల్ కూడా కదులుతుంది.

గార్డ్ చేయడమంటే ఇన్‌స్ట్రక్టర్ తన రెండు పాదాలనూ పెడల్స్ మీద ఆనించి ఉంచడం. నొక్కకూడదు, నొక్కితే ట్రైనీ చేసేదేమిటో తెలియదు. వదలకూడదు, వదిలితే తప్పు పడ్డాక తెలుస్తుంది. ఎడమ ఇంజిన్ లీవర్ తానే లాగాడు కాబట్టి కుడి పెడల్ ముందుకు వెళ్లాలని ఇన్‌స్ట్రక్టర్‌కు ముందే తెలుసు. కాబట్టి ఎడమ పెడల్ కదలడం మొదలుపెట్టగానే తన కాలితో గట్టిగా అడ్డుకోవాలి. అదే క్షణంలో ‘ఐ హ్యావ్ కంట్రోల్స్’ అని విమానాన్ని తీసుకోవాలి. అప్పటికీ చేతిలో ఉండేది రెండు మూడు సెకన్లే. కాలు పెడల్ మీద లేకపోతే ఆ సెకన్లు అది ఎక్కడుందో వెతకడానికే సరిపోతాయి.

ఇది చెప్పినంత తేలిక కూడా కాదు. అప్పటికి ఐదు రౌండ్లు ఏ తప్పూ లేకుండా గడిచాయి. ‘కుర్రాళ్లు బాగానే చేస్తున్నారు’ అనిపించే కొద్దీ పాదాలు కాస్త వెనక్కి జరుగుతాయి. ఆ కాక్‌పిట్‌లో అలాగే జరిగిందని నేను అనడం లేదు. బోధించే ఎవరికైనా, చివరికి కారు నేర్పే నాన్నకు కూడా, ఐదోసారి తర్వాత వచ్చే ఆ ధీమా తెలిసినదే.

మరి తప్పు ట్రైనీదా, ఇన్‌స్ట్రక్టర్‌దా?

రిపోర్టులో మొదటి వాక్యం ట్రైనీ గురించి కాబట్టి జనం అక్కడే ఆగిపోతారు. నాకు ముఖ్యంగా కనిపించేది రెండో వాక్యమే. ట్రైనీ తప్పు చేస్తాడనే శిక్షణ పెట్టారు. తప్పే చేయని ట్రైనీకి ఇన్‌స్ట్రక్టర్ ఎందుకు? ఆ తప్పు ప్రాణం మీదికి రాకుండా చూడటమే పక్క సీటులో ఉన్నాయన పని.

అలాగని అంతా ఆయన నెత్తిన రుద్దేయడమూ న్యాయం కాదు. ఒక మనిషి రెండు పాదాలు ఒక్క క్షణం ఏమరితే తొమ్మిది ప్రాణాలు పోయే ఏర్పాటును ఎవరు పెట్టారన్నది అసలు ప్రశ్న. నిజమైన విమానంలో, నిజమైన నేలకు దగ్గరగా, విమానాలతో నిండిన ఏప్రాన్ పక్కన ఆ పాఠం పెట్టారు. చనిపోయిన ఇన్‌స్ట్రక్టర్ ఆ పద్ధతిని కనిపెట్టలేదు, అప్పటికి దశాబ్దాలుగా ప్రపంచమంతా నడుస్తున్నదే ఆయనా నడిపారు.

737కు రడ్డర్ లోపం ఉండేదని విన్నాను. ఇది కూడా అదేనా?

మంచి ప్రశ్న. 737 రడ్డర్‌కు నిజంగానే ఒక లోపం ఉండేది. 1991 మార్చి 3న కొలరాడో స్ప్రింగ్స్ దగ్గర యునైటెడ్ 585, 1994 సెప్టెంబరు 8న పిట్స్‌బర్గ్ దగ్గర యూఎస్‌ఎయిర్ 427 కూలిపోయాయి. మొదటి దానిలో 25 మంది, రెండో దానిలో 132 మంది. రడ్డర్‌ను కదిపే హైడ్రాలిక్ యూనిట్‌లోని వాల్వ్ ఇరుక్కుపోయి, పైలట్ నొక్కినదానికి రివర్స్‌లో రడ్డర్ తిరగగలదని అమెరికా దర్యాప్తు సంస్థ ఏళ్ల తరబడి తవ్వి తేల్చింది. 427 రిపోర్టు 1999లో వచ్చింది. ఆ తర్వాతే ప్రపంచంలోని 737ల రడ్డర్ వ్యవస్థను మార్చాల్సి వచ్చింది.

ఢిల్లీ ప్రమాదం తేదీ ఆ రెండిటి మధ్య పడటంతో ఇంటర్నెట్‌లో మూడూ ఒకే గాటన కట్టేస్తుంటారు. కానీ తేడా ఉంది. ఆ రెండూ దిగడానికి వస్తున్న మామూలు ప్యాసింజర్ ఫ్లైట్లు, వాటిలో ఎవరూ ఇంజిన్ ఫెయిల్యూర్ సాధన చేయడం లేదు. ఢిల్లీలో రడ్డర్ గట్టిగా వాడాల్సిన ఎక్సర్‌సైజే నడుస్తోంది, అది తప్పు వైపు పడింది. దర్యాప్తు కారణంగా చూపింది మనిషి కాలినే.

అంత రద్దీ ఎయిర్‌పోర్టులో ఈ పాఠాలేంటి? జనం లేని చోట పెట్టుకోవచ్చు కదా?

పెట్టుకోవచ్చు. చాలా దేశాల్లో పెట్టుకునేవాళ్లు కూడా. కానీ 1994 నాటి మన పరిస్థితి కొంచెం గుర్తుచేసుకోవాలి. పీవీ నరసింహారావు ప్రభుత్వం ఆకాశాన్ని ప్రైవేటు వాళ్లకు తెరిచిన రోజులవి. ఈస్ట్ వెస్ట్, దమానియా, మోడీలుఫ్త్, జెట్ అన్నీ అప్పుడే రెక్కలు కట్టుకున్నాయి. సహారా సర్వీసు మొదలైంది 1993 డిసెంబరు 3న, రెండు బోయింగ్ 737-200లతో. ప్రమాదం నాటికి కంపెనీకి మూడు నెలలే. అందరికీ ఒకేసారి పైలట్లు కావాలి, విమానాలేమో చేతి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. సర్వీసు లేని కాస్త సమయంలో, విమానం ఉన్నచోటే పాఠం పెట్టేయడం అలాంటి రోజుల్లో సులువైన దారి.

సులువైనది కాబట్టి సరైనదని కాదు. ఆ బోయింగ్ ఏ చిన్న ఊరి రన్‌వే మీదో కూలి ఉంటే నాలుగు ప్రాణాలు పోయేవేమో. తొమ్మిది కాదు.

ఇలాంటి ప్రమాదాలు ఇంకెక్కడైనా జరిగాయా?

చాలా. జెట్ యుగం మొదలైనప్పటినుంచీ ఉన్నాయి. బోయింగ్ 707 రకంలో మొట్టమొదటి మరణాలు ట్రైనింగ్‌లోనే నమోదయ్యాయంటే ఆలోచించండి. 1959 ఆగస్టు 15న న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లోని కాల్వర్టన్ దగ్గర అమెరికన్ ఎయిర్‌లైన్స్ 707 ఒకే వైపున్న రెండు ఇంజిన్లు పోయినట్టు నటిస్తూ దిగబోయి బోల్తా కొట్టింది. ఐదుగురు పోయారు. ఆ తర్వాత 707లతో ఒకే వైపు సగం పవర్ తీసేసి నిజంగా ల్యాండ్ చేయించే నిబంధనను అమెరికా వాళ్లు ఎత్తేశారు.

1966 జూలై 4న ఆక్లాండ్‌లో ఎయిర్ న్యూజీలాండ్ డీసీ-8ది ఇంకో రకం విషాదం. టేకాఫ్ కాగానే ఇన్‌స్ట్రక్టర్ నాలుగో ఇంజిన్ (కుడి చివరిది) లీవర్‌ను వేగంగా వెనక్కి లాగాడు. ఆ విసురుకు రివర్స్ థ్రస్ట్ లీవర్ కూడా కదిలి రివర్స్‌లో పడింది. తోయడం మానేయాల్సిన ఇంజిన్ వెనక్కి లాగడం మొదలుపెట్టింది. కుడి రెక్క కుంగి నేలకు తగిలింది. ఐదుగురిలో ఇద్దరు చనిపోయారు.

ఢిల్లీని తలుచుకున్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది మాత్రం న్యూ ఆర్లియన్స్. 1967 మార్చి 30, అర్ధరాత్రి దాటాక. డెల్టా డీసీ-8 రెండు ఇంజిన్లు పోయినట్టుగా దిగే పాఠంలో ఉంది. అదుపు తప్పి ఇళ్ల మీదుగా వెళ్లి ఒక మోటల్‌ను కొట్టింది. అందులో విస్కాన్సిన్ రాష్ట్రం జూడా అనే చిన్న ఊరినుంచి స్కూలు చివరి ఏడాది విహారయాత్రకు వచ్చిన పిల్లలు నిద్రపోతున్నారు. తొమ్మిది మంది ఆడపిల్లలు పోయారు. విమానంలో ఆరుగురు, కింద 13 మంది, మొత్తం 19. ఆ దర్యాప్తు కూడా ఇన్‌స్ట్రక్టర్ పర్యవేక్షణ సరిగా లేదనే తేల్చింది. ఢిల్లీకి 27 ఏళ్ల ముందు.

ఇదంతా పాత కథ అనుకోకండి. 2010 మార్చి 22న ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో ఎయిర్‌నార్త్ ఎంబ్రాయర్ బ్రసీలియా టేకాఫ్ తర్వాత ఇదే పాఠంలో కూలింది, ఇద్దరు చనిపోయారు. ప్రొపెల్లర్ విమానంలో ఇంజిన్ పోయినట్టు నటించాలంటే లీవర్‌ను ‘జీరో థ్రస్ట్’ దగ్గర ఆపాలి. దానికంటే వెనక్కి ఫ్లైట్ ఐడిల్‌కు లాగడంతో ప్రొపెల్లర్ గాలికి అడ్డం నిలబడి బ్రేకులా పనిచేసింది. నటన నిజమైన ఫెయిల్యూర్ కంటే దారుణంగా తయారైంది.

సిమ్యులేటర్లు అప్పటికి లేవా?

ఉన్నాయి. సిమ్యులేటర్ అంటే నేల మీదే ఉండే నకలు కాక్‌పిట్. మన హైదరాబాద్‌లోనే ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి సెంట్రల్ ట్రైనింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్ ఉండేది, పైలట్లు సిమ్యులేటర్ కోసం అక్కడికే వచ్చేవాళ్లు. అమెరికాలో అయితే 1980లోనే ప్రభుత్వం ఒక ప్రణాళిక తెచ్చి, మంచి సిమ్యులేటర్ ఉంటే శిక్షణలో చాలా భాగం అందులోనే పూర్తిచేయడానికి దారి తీసింది.

అయినా ‘సిమ్యులేటర్ బొమ్మ, అసలు విమానంలో చేసి చూపించాలి’ అన్న నమ్మకం చాలాచోట్ల చాలాకాలం పోలేదు. దానిలో కొంత నిజం లేకపోలేదు. పాత సిమ్యులేటర్లలో బయటి దృశ్యం అంతంతమాత్రం, ఒంటికి తెలిసే కుదుపు కూడా తేడాగా ఉండేది. అక్కడ చావు భయం ఉండదు కాబట్టి మనిషి అసలు స్వభావం బయటపడదనేవాళ్లు కూడా ఉన్నారు. నాకు ఈ చివరి వాదన ఎప్పుడూ మింగుడుపడలేదు. ఈత వచ్చో లేదో చూడటానికి బావిలో తోసేసే పద్ధతి అది. మా ఊళ్లో అలా నేర్చుకున్నవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. నేర్చుకోలేకపోయినవాళ్లు చెప్పుకోవడానికి లేరు కదా.

సిమ్యులేటర్‌లో తేడా ఏమిటి?

తప్పు పెడల్ నొక్కితే విమానం బోల్తా కొడుతుంది, ఎర్ర లైట్లు వస్తాయి, ఇన్‌స్ట్రక్టర్ ఒక బటన్ నొక్కి ఆపేస్తాడు. ‘ఏ కాలు వేశావు?’ అంటాడు. మళ్లీ మొదటినుంచి. మధ్యాహ్నం భోజనం లోపు పదిసార్లు కూలిపోవచ్చు. ఇంకొక లాభం కూడా ఉంది. నిజమైన విమానంలో ప్రమాదమని వదిలేసే కేసులను ఇందులో పెట్టొచ్చు: సరిగ్గా ముక్కు లేపే క్షణంలో ఇంజిన్ పేలడం, మంటలు, పక్కగాలి, తడి రన్‌వే, అన్నీ ఒకేసారి.

ఇప్పుడు నిజమైన విమానంలో శిక్షణ పూర్తిగా మానేశారా?

మానేయలేదు, మార్చారు. పెద్ద జెట్ విమానాల్లో ఇంజిన్ ఫెయిల్యూర్ పాఠం ఇప్పుడు సిమ్యులేటర్‌దే. ఎయిర్‌లైన్ పైలట్లు ఆరు నెలలకోసారి మళ్లీ అందులోకి వెళ్లి, ఇంజిన్ పోయిన టేకాఫ్‌తో సహా చేసి చూపించి పాసవ్వాలి. బాగా అనుభవం ఉన్నవాళ్లకు కొత్త రకం విమానం అర్హత మొత్తం సిమ్యులేటర్‌లోనే అయిపోయే పద్ధతి కూడా ఉంది. అనుభవం తక్కువ ఉన్న కొత్త పైలట్లు మాత్రం ప్రయాణికులు లేని ఖాళీ విమానంలో కొన్ని టేకాఫులు, ల్యాండింగులు చేస్తారు. దాన్ని బేస్ ట్రైనింగ్ అంటారు. రెండు ఇంజిన్లూ శుభ్రంగా తిరుగుతూనే ఉంటాయి.

సహారా ఎయిర్‌లైన్స్ తర్వాత ఏమైంది?

నడిచింది. 2000లో ఎయిర్ సహారాగా పేరు మారింది. 2007లో జెట్ ఎయిర్‌వేస్ కొనుక్కుని జెట్‌లైట్ చేసింది. 2019లో జెట్ మూతపడటంతో అదీ పోయింది.

మా అబ్బాయి పైలట్ కోర్సులో చేరతానంటున్నాడు. ఇది చదివి టెన్షన్ పడాలా?

ఈ ప్రమాదం గురించి అయితే అక్కర్లేదు, ఈ రకం పాఠం వాడికి సిమ్యులేటర్‌లోనే వస్తుంది. చేరే ముందు ఫ్లయింగ్ స్కూల్లో అడగాల్సినవి వేరే ఉన్నాయి: ఇన్‌స్ట్రక్టర్లు ఎంతమంది, ఎంతకాలంగా ఉన్నారు, ఒక్కొక్కరికి ఎంతమంది విద్యార్థులు, విమానాల మెయింటెనెన్స్ ఎవరు చూస్తారు. ఫీజు తర్వాత అడగండి. ఇన్‌స్ట్రక్టర్ గంటల తరబడి విసుగు లేకుండా పెడల్స్ మీద పాదాలు ఆనించి కూర్చోగలడా అన్నది ఏ బ్రోచర్‌లోనూ ఉండదు కాబట్టి, అక్కడ చదువుతున్న పిల్లల్ని పక్కకు పిలిచి అడిగితే కాస్త తెలుస్తుంది.

నేను ఎక్కే విమానంలో కొత్త పైలట్ ఉండొచ్చా?

ఉండొచ్చు, అది మామూలే. సిమ్యులేటర్, బేస్ ట్రైనింగ్ అయ్యాక కొత్త ఫస్ట్ ఆఫీసర్ ఇన్‌స్ట్రక్టర్ కెప్టెన్ పక్కన కూర్చుని మామూలు సర్వీసుల్లో అనుభవం సంపాదిస్తాడు, మొదట్లో వెనక సీటులో ఇంకో పైలట్‌ను కూడా కూర్చోబెడతారు. అతను నేర్చుకునేది రేడియోలో మాట్లాడటం, మబ్బులు తప్పించుకోవడం, రద్దీ ఎయిర్‌పోర్టులో సరిగ్గా దిగడం. ఇంజిన్ పోయినట్టు నటించడం అందులో ఉండదు. ప్రయాణికులు గానీ సరుకు గానీ ఉన్న విమానంలో ఏ ఎమర్జెన్సీనీ నటించకూడదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనే ఉంది.